ఆకాశవాణియా? ఇంటి సవ్వడియా?

గత వర్షాకాలమున మా పాఠశాల విజ్ఞానసంఘపు పిల్లలు ఒక పాత రేడియోపెట్టెను బాగుచేసి, దానికి మేడమీద పొడవైన రాగితీగెను ఏరియల్‌గా కట్టిరి. పెట్టె బ్యాటరీలతో పనిచేయునది. ప్రతిదినము సాయంకాలము ఏ స్టేషనును పలుకని చోట ముల్లును నిలిపి, వినబడినదానిని వారొక పుస్తకములో వ్రాసికొనుచుండిరి. ఐదు దినములు గడచిన పిమ్మట తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు ఆ పుస్తకమును తెచ్చి మాకు చూపెను. ప్రతి సాయంకాలము సరిగా 7 గంటలకు ఝుమ్మను సన్నని శబ్దము మొదలై, 9 గంటలకు ఆగిపోవుచున్నట్లు అందులో నుండెను. "మాస్టారూ, ఇది ఏ స్టేషనుదియు కాదండి. నక్షత్రములనుండి ఎవరైన పంపుచున్నారేమోనండి!" అని వాడు పలికినప్పుడు వాని కన్నులు మెరసినవి. ఈ సంచికకొరకు "మా బడిలో వినబడిన నక్షత్రధ్వని" అను వ్యాసమును గూడ వాడప్పటికే మొదలుపెట్టియుండెను.

నిజము చెప్పవలెనన్న, మేమును లోలోపల సంతసించితిమి. ఆ ఆదివారము బిడ్డను చూడవచ్చిన ఒక తండ్రిగారితో ఆ మాట చెప్పితిమి కూడ. ఆరవ దినమున 7 గంటల 40 నిమిషములకు కరెంటు పోయెను. బ్యాటరీ పెట్టె కనుక రేడియో ఆగలేదు. కాని ఆ ఝుంకారము మాత్రము ఆగిపోయెను. కరెంటు రాగానే అదియు వచ్చెను. అప్పుడు పిల్లలు దీపముల నొక్కొక్కటిగా ఆర్పి చూచిరి. వసతిగృహపు వరండాలో చదువువేళ 7 గంటలకు వెలిగించి 9 గంటలకు ఆర్పు ఎల్‌.ఈ.డి. దీపమే ఆ "నక్షత్రము" అని తేలెను. ఆ బాలుడు కొంతసేపు తలవంచుకొని, పిమ్మట పుస్తకములో ఆ ఐదు దినముల లెక్కక్రింద "వరండా దీపము" అని తానే వ్రాసెను. వ్యాసమును విరమించుకొనెను. వాడు విడిచిన చోటును మేమీ పాఠముతో నింపుచున్నాము. ఏలయనగా, వాడు పడిన పొరపాటును లోకప్రసిద్ధులైన శాస్త్రజ్ఞులును పడుచున్నారు. దానినుండి బయటపడు మార్గమును వారే మనకు చూపుచున్నారు.

1. ఆకాశపు సవ్వడిని మొదట విన్నవాడు

ఆకాశమునుండి రేడియో తరంగములు వచ్చుచున్నవని మొదట కనుగొన్నవాడు కార్ల్ జాన్‌స్కీ అను అమెరికా దేశపు ఇంజనీరు. ఆయన బెల్ టెలిఫోను పరిశోధనశాలలో ఉద్యోగి. సముద్రముమీదుగా రేడియో టెలిఫోనులో మాటలాడునప్పుడు అడ్డువచ్చు గరగర యెక్కడ పుట్టుచున్నదో కనిపెట్టుట ఆయన కప్పగింపబడిన పని. న్యూజెర్సీ రాష్ట్రమున హోల్మ్‌డెల్ అను చోట ఆయన ఒక పెద్ద ఏరియల్‌ను నిర్మించి, దానికి ఫోర్డు మోటారుబండి చక్రములమర్చి, 20 నిమిషముల కొక చుట్టు తిరుగునట్లు చేసెను. అది 20.5 మెగాహెర్ట్జ్, అనగా సెకనుకు 2 కోట్ల 5 లక్షల స్పందనలు గల తరంగములను పట్టుచుండెను.

ఆయనకు మూడు విధములైన గరగర వినబడెను. మొదటిది దగ్గరి ఉరుములది. రెండవది దూరపు ఉరుములది. మూడవది ఎడతెగక సన్నగా వినబడు ఒక బుసబుస. ఈ మూడవది దినమున కొకసారి హెచ్చుచుండెను. అది సూర్యునినుండి వచ్చుచున్నదని ఆయన మొదట తలంచెను. కాని మాసములు గడచినకొలది ఆ హెచ్చు సూర్యుని విడిచి ముందునకు జరిగిపోయెను. లెక్కించి చూడగా అది 24 గంటల కొకసారి గాక, 23 గంటల 56 నిమిషముల కొకసారి వచ్చుచున్నట్లు తెలిసెను.

విద్యార్థులారా, ఈ నాలుగు నిమిషముల భేదమును బాగుగా మనస్సున నుంచుకొనుడు. భూమి తనచుట్టు తాను తిరుగుటయే గాక సూర్యునిచుట్టును తిరుగుచున్నది. అందువలన నక్షత్రములు దినదినమును దాదాపు నాలుగు నిమిషములు ముందుగా ఉదయించును. మాసమునకు రెండు గంటలు ముందగును. కార్తికమాసమున సాయంకాలము తూర్పున పొడుచు కృత్తికలు, చైత్రమాసమునాటికి సాయంకాలమున పడమటి దిక్కున నుండుట మీరెరుగుదురు గదా. 23 గంటల 56 నిమిషములు నక్షత్రముల గడియారము. 24 గంటలు మనుష్యుల గడియారము. జాన్‌స్కీ విన్న బుసబుస నక్షత్రముల గడియారమును అనుసరించినది. అది పాలపుంత నడిభాగమగు ధనూరాశి దిక్కునుండి వచ్చుచున్నదని ఆయన 1933లో ప్రకటించెను. రేడియో ఖగోళశాస్త్రమునకు అదియే పుట్టుక.

మా వరండా దీపపు శబ్దము ఐదు దినములును సరిగా 7 గంటలకే మొదలైనది. అది నక్షత్రములదే యైనచో ఐదవనాటికి పదునారు నిమిషములు ముందుగా రావలసియుండెను. అది అనుసరించినది ఆకాశపు గడియారమును గాదు, బడిగంటను. ఈ సంగతి ఆ పుస్తకములోనే యున్నది, మేమే చూడలేదు.

2. మూడు పుట్టుకలు

రేడియో తరంగములు మనయొద్దకు వచ్చుటకు మూడు పుట్టుకలను ఊహింపవచ్చును. మొదటిది ప్రకృతి: సూర్యుడు, నక్షత్రములు, పాలపుంతలోని వాయుమేఘములు, ఉరుములు. రెండవది మనుష్యుడు: రేడియో, టెలివిజను, రాడారు, విమానములు, ఉపగ్రహములు, చేతిఫోనులు, మన యింటి యంత్రములు. మూడవది ఇంతవరకు ఊహ మాత్రమే: మరియొక నక్షత్రముచుట్టు తిరుగు గ్రహముమీద బుద్ధిగల జీవులెవరైన నుండి, వారు పంపు తరంగములు.

1959లో కొకోనీ, మోరిసన్ అను ఇద్దరు భౌతికశాస్త్రజ్ఞులు, అట్టి జీవులు పంపు సంకేతములను వెదకుట సాధ్యమేయని ఒక వ్యాసము ప్రకటించిరి. జలవాయువు, అనగా హైడ్రోజన్, సృష్టియందంతట నున్నది. అది 1420 మెగాహెర్ట్జ్ వద్ద సహజముగా తరంగములను వెలువరించును. ఎక్కడి శాస్త్రజ్ఞుడైన ఆ అంకెను ఎరిగియుండును గనుక, అచ్చట వెదకవలెనని వారి సలహా.

ప్రకృతిని కృత్రిమమునుండి వేరుపరచుట అంత కష్టము కాదు. ప్రకృతి వెలువరించు తరంగములు విశాలమైన మేర వ్యాపించియుండును. జలపాతపు హోరులో స్వరములన్నియు కలసియుండునట్లు, వాటిలో అనేక స్పందనసంఖ్యలు కలసియుండును. ప్రకృతిలో మిక్కిలి సన్ననివగు కొన్ని వాయుమేఘముల రేఖలు సైతము కొన్ని వందల హెర్ట్జ్ వెడల్పు గలవై యుండును. ఒకటి రెండు హెర్ట్జ్ వెడల్పులోనే యిమిడిన సంకేతము కనబడెనా, అది పిల్లనగ్రోవి పట్టిన ఒంటిస్వరమువంటిది. దాని వెనుక ఒక యంత్రమున్నదని చెప్పవచ్చును.

కాని చిక్కంతయు ఇచ్చటనే కలదు. ఆ సన్నదనము "ఇది యంత్రము" అని చెప్పును గాని, "ఎవరి యంత్రము" అని చెప్పదు. మనము చేసిన యంత్రములు లక్షోపలక్షలు మనచుట్టు పలుకుచునే యున్నవి. అవి దగ్గరివి గనుక వాటి ధ్వని బిగ్గరగా నుండును. వెదకబడునది నక్షత్రముల దూరమునుండి రావలసినది గనుక మిక్కిలి క్షీణముగా నుండును. కాబట్టి అన్యలోకపు సంకేతమును వెదకు పని నిజముగా మన సంకేతములను మనమే గుర్తించి ప్రక్కకు తీసివేయు పని. వడ్లలో ఒక ముత్యమును వెదకువానికి మొదట వడ్లన్నియు తెలిసియుండవలెను.

3. శాస్త్రజ్ఞులు చేయు పరీక్షలు

మొదటి పరీక్ష: వంచి చూచుట. పెద్ద రేడియో దూరదర్శినిని కొన్ని నిమిషములు నక్షత్రమువైపు త్రిప్పి వినవలెను. పిమ్మట కొంచెము ప్రక్కకు త్రిప్పి వినవలెను. మరల నక్షత్రమువైపు త్రిప్పవలెను. అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ దూరదర్శినితో ఇట్లు ఐదేసి నిమిషముల వంతున ఆరుమార్లు చేయుదురు. సంకేతము నక్షత్రమును చూచినప్పుడెల్ల కనబడి, ప్రక్కకు చూచినప్పుడెల్ల మాయమైనచో దానిని విచారింపవలెను. ఎటు చూచినను కనబడునది ఇంటిది. బలమైన సమీపపు తరంగము ఏ ప్రక్కనుండియైన దూరదర్శినిలోనికి జొరబడును. నక్షత్రపుది నేరుగా చూచినప్పుడే చేరును.

రెండవ పరీక్ష: గడియారము. దీనిని జాన్‌స్కీ కథలో చూచితిమి.

మూడవ పరీక్ష: స్వరము జారుట. రైలు మనవైపు వచ్చునప్పుడు దాని కూత హెచ్చుస్థాయిలోను, దాటిపోవునప్పుడు తగ్గుస్థాయిలోను వినబడును. రేడియో తరంగములకును ఈ ధర్మము కలదు. భూమి తిరుగుచున్నది, పంపువారి గ్రహమును తిరుగుచుండవలెను. కావున అన్యలోకపు సంకేతము ఒకే స్పందనసంఖ్య వద్ద కదలక నిలువక, మెల్లగా జారుచుండవలెను. 1000 మెగాహెర్ట్జ్ వద్ద భూభ్రమణమువలన కలుగు జారుడు సెకనుకు సుమారు పదవవంతు హెర్ట్జ్ మాత్రమే. అయినను దానిని కొలువగల యంత్రములు నేడు కలవు. భూమిమీద మనతో గూడ తిరుగుచున్న యంత్రపు సంకేతమునకు ఈ జారుడు ఉండదు.

నాలుగవ పరీక్ష: రెండవ సాక్షి. దూరముగా నున్న రెండు స్థలములలో ఒకేసారి వినవలెను. ఒక చోటి వరండా దీపము మరియొక చోట వినబడదు. ఒకే దూరదర్శినికి అనేక చెవులున్నచో, నక్షత్రపు సంకేతము వాటిలో ఒకదానిలోనో, ప్రక్క ప్రక్క నున్న ఒకటి రెండింటిలోనో వినబడవలెను. అన్నిటను ఒక్కసారిగా వినబడునది సాధారణముగా సమీపమునుండి వచ్చినదే.

ఐదవ పరీక్ష: తోబుట్టువులను వెదకుట. మనుష్యయంత్రపు సంకేతము ఒంటరిగా నుండుట అరుదు. అదే పోలికతో, అదే నడకతో, ఇతర స్పందనసంఖ్యల వద్ద మరికొన్ని కనబడును. ఒకదాని ఇంటిపేరు తెలిసెనా, అన్నిటి ఇంటిపేరును తెలియును.

ఆరవ పరీక్ష: మరల వచ్చునా? ఒకసారి వచ్చి మరల రానిదానినిబట్టి ఏ నిశ్చయమును చేయరాదు.

ఈ పరీక్షలలో ఏ యొక్కటియు చాలదు. ఎందుకు చాలదో ఈ క్రింది కథలవలన తెలిసికొనవచ్చును.

4. మొదటి తప్పుడు పిలుపు

1960 ఏప్రిల్ 8వ తేదీన ఫ్రాంక్ డ్రేక్ అను యువ శాస్త్రజ్ఞుడు గ్రీన్ బ్యాంక్‌లో 85 అడుగుల దూరదర్శినితో రెండు నక్షత్రములను వినుటకు మొదలుపెట్టెను. ఈ రీతి వెదకుటలో అదియే మొదటిది. టౌ సీటీ అను మొదటి నక్షత్రమునుండి ఏమియు రాలేదు. ఎప్సిలాన్ ఎరిడాని అను రెండవదానివైపు త్రిప్పగానే, సెకనుకు సుమారు ఎనిమిది దెబ్బల వంతున బలమైన సంకేతము వచ్చెను! దూరదర్శినిని ప్రక్కకు త్రిప్పగా అది ఆగెను. మరల నక్షత్రమువైపు త్రిప్పిరి, అది రాలేదు. తోడివారి యుల్లాసము ఎట్టిదో మీరే యూహించుకొనుడు. అయినను డ్రేక్ లోకమునకు చాటలేదు. కిటికీ వెలుపలకు ఒక చిన్న కొమ్ము ఏరియల్‌ను పెట్టి కాచుకొనియుండెను. కొన్ని దినములకు ఆ సంకేతము మరల వచ్చినప్పుడు, ఏ నక్షత్రమువైపునకును గురిపెట్టని ఆ చిన్న కొమ్ములోను వినబడెను. కనుక అది ఆకాశమార్గమున పోవు విమానమువంటి మనుష్యయంత్రముదే యని గ్రహించిరి. వంచి చూచు పరీక్షను ఆ సంకేతము మొదట దాటినట్లే కనబడెను. రెండవ సాక్షి వచ్చినప్పుడు నిలువలేదు.

5. కేంబ్రిడ్జి విద్యార్థిని

1967లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున జోసెలిన్ బెల్ అను విద్యార్థిని నాలుగున్నర ఎకరముల పొలమున నాటిన స్తంభములు, తీగెలుగల దూరదర్శినిమీద పనిచేయుచుండెను. దినమునకు 96 అడుగుల వంతున వ్రాతకాగితము వెలువడుచుండగా, ఆమె దానిని కంటితో పరిశీలించుచుండెను. నక్షత్రమువలెను గాక, మనుష్యుల అంతరాయమువలెను గాక నున్న ఒక చిన్న గీతలకుప్ప ఆమెకు కనబడెను. అర అంగుళమునకు మించని ఆ గుర్తును ఎవరైన విడిచిపెట్టియుందురు. ఆమె విడువలేదు. వెనుకటి కాగితములు తీసి చూడగా, అది ఆకాశమున ఒకే చోటునుండి, నక్షత్రముల గడియారము ప్రకారము వచ్చుచున్నట్లు తెలిసెను. వేగముగా నడచు కాగితముమీద పట్టి చూడగా, 1.337 సెకనుల కొక దెబ్బ వంతున గడియారమువలె కొట్టుచుండెను.

ఇంత క్రమముగలది ప్రకృతిలో నుండునా? ఆమెయు ఆమె గురువగు ఆంటొనీ హ్యూయిష్‌గారును ఒక్కొక్కటిగా అనుమానములు తీర్చుకొనిరి. చంద్రునినుండి తిరిగివచ్చిన రాడారా? వింత మార్గమున తిరుగు ఉపగ్రహమా? ప్రక్కనున్న పెద్ద రేకులయింటి ప్రభావమా? నక్షత్రముల గడియారమును అనుసరించి పనిచేయు మనుష్యులును కలరు, వారు ఖగోళశాస్త్రజ్ఞులు! కావున ఇతర వేధశాలలకు ఉత్తరములు వ్రాసి, మీ పనివలన ఇట్టిది కలుగుచున్నదా యని హ్యూయిష్‌గారు విచారించిరి. మరియొక దూరదర్శినితోను విని చూచిరి. అందును అది వినబడెను. దానికి పరిహాసముగా "చిన్న ఆకుపచ్చ మనుష్యులు" అను పేరును గూడ పెట్టిరి.

పంపువారు ఒక గ్రహముమీద నున్నచో, ఆ గ్రహము తన సూర్యునిచుట్టు తిరుగుటవలన దెబ్బల మధ్య కాలము మారుచుండవలెను. కొలిచి చూడగా మన భూమి చలనమువలన కలిగిన మార్పు మాత్రమే కనబడెను. వేరొక గ్రహపు చలనము కనబడలేదు. 1967 డిసెంబరులో ఆకాశమున వేరొక దిక్కున అట్టిదే మరియొకటి ఆమెకు దొరకెను. ఇరుప్రక్కలనున్న రెండు లోకములవారు ఒకే సమయమున ఒకే రీతిగా మనలను పిలుచుట నమ్మదగినది కాదు. కావున అది ప్రకృతియే. అవి పల్సారులు, అనగా అతివేగముగా తిరుగు న్యూట్రాను నక్షత్రములని పిమ్మట తెలిసెను. 1974లో హ్యూయిష్‌గారికి నోబెల్ బహుమానము వచ్చినది. ఆ గీతను మొదట చూచిన విద్యార్థినికి రాలేదు. అయినను పల్సారుల పేరు చెప్పినప్పుడెల్ల లోకము ఆమె పేరును తలంచుచున్నది.

6. వంటపెట్టె తలుపు

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున పార్క్స్ అను ఊరియొద్ద 64 మీటర్ల రేడియో దూరదర్శిని కలదు. 1998 మొదలుకొని ఆ దూరదర్శినిలో అప్పుడప్పుడు క్షణమాత్రముండు ఒక విచిత్రమైన మెరుపు కనబడుచుండెను. మిక్కిలి దూరమునుండి వచ్చు మెరుపులో హెచ్చు స్పందనసంఖ్యగల తరంగములు ముందుగాను, తక్కువవి వెనుకగాను చేరును. ఈ మెరుపులును అట్లే కనబడుచుండెను. కాని దూరదర్శినికి నున్న 13 చెవులలోను ఒక్కసారిగా వినబడుచుండెను. అందుచేత అవి భూమివే యని 2011లో ప్రకటించి, వాటికి పెరిటన్ అను పేరు పెట్టిరి. పెరిటన్ యనునది కట్టుకథలలోని రెక్కల లేడి; దాని నీడ మాత్రము మనుష్యుని నీడవలె పడునట. ఎంత తగిన పేరు!

ఆ మనుష్యుడెవడో 2015 వరకును తెలియలేదు. దూరదర్శినియొద్ద అంతరాయములను కొలుచు క్రొత్త యంత్రమును పెట్టగా, పెరిటన్ వచ్చిన క్షణముననే 2.4 గిగాహెర్ట్జ్ వద్దను ఒక సంకేతము వచ్చుచున్నట్లు కనబడెను. అది మైక్రోవేవ్ వంటపెట్టె స్పందనసంఖ్య. ఎమిలీ పెట్రాఫ్‌గారును తోడివారును వేధశాలయందలి వంటపెట్టెలను పరీక్షించిరి. పెట్టె దానంతట అది ఆగువరకు ఉన్నచో ఏమియు రాలేదు. ఆకలిగొన్నవాడు ఆగలేక నడుమనే తలుపు తెరచినచో, ఆ క్షణమున పెరిటన్ వచ్చుచుండెను! పదునేడు సంవత్సరములు శాస్త్రజ్ఞులను తికమకపెట్టినది వారి భోజనపు తొందరయే. ఇది నవ్వదగిన కథయే గాని, ఆ సంగతిని దాచక తమ పేర్లతో అచ్చువేసినవారిని మేము గౌరవించుచున్నాము. వారట్లు చేయుటవలననే, నిజముగా దూరమునుండి వచ్చు మెరుపులు వేరు, ఇవి వేరు అని తేటపడినది.

7. సమీపనక్షత్రపు పిలుపు

సూర్యుని తరువాత మనకు మిక్కిలి దగ్గరి నక్షత్రము ప్రాక్సిమా సెంటారి. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవు వెలుగు అచ్చటనుండి చేరుటకు నాలుగు సంవత్సరములకు పైబడును. దానికి గ్రహములు గలవు. 2019 ఏప్రిల్, మే మాసములలో పార్క్స్ దూరదర్శినితో దానిని 26 గంటలు వినిరి. కంప్యూటరు 40 లక్షలకు పైగా సన్నని సంకేతములను పట్టెను. వంచి చూచు పరీక్షకు నిలిచినవి 5,000కు పైగా నుండెను. 2020లో వాటిని పరిశీలించుచున్న షేన్ స్మిత్ అను కళాశాల విద్యార్థి, అన్నిటిలో ఒకదానిని వేరుగా తీసి చూపెను.

అది 982.002 మెగాహెర్ట్జ్ వద్ద నుండెను. మిక్కిలి సన్నగా నుండెను. నక్షత్రమును చూచినప్పుడు కనబడెను. ప్రక్కకు చూచినప్పుడు కనబడలేదు. గంటలకొలది నిలిచెను. మెల్లగా జారుచునుండెను. ఆ స్పందనసంఖ్య వద్ద పలుకు యంత్రమేదియు ఆ ప్రాంతమున నున్నట్లు లెక్కలలో లేదు. అనగా మన మొదటి పరీక్షను, మూడవ పరీక్షను దాటినది. ఆ మాట పత్రికలకు ముందుగానే తెలిసి, లోకమంతట గుప్పుమనెను.

సోఫియా షేక్‌గారు తోడివారితో గూడ ఆ సంకేతమును దాదాపు ఒక సంవత్సరము విచారించిరి. మరల ఆ నక్షత్రమును వినిరి, అది రాలేదు. పిమ్మట ఐదవ పరీక్ష చేసిరి. దాని పోలికగల సంకేతములు మరెక్కడైన గలవా యని అవే లెక్కలలో వెదకగా, ఒకే విధమున జారుచున్నవి సుమారు 60 దొరకెను. అవి నక్షత్రమును చూచినప్పుడును, చూడనప్పుడును కనబడుచునే యుండెను. ఇంతేగాక, వాటి నడిమి ఎడములు ఎలక్ట్రానిక్ యంత్రములలో గడియారముగా వాడు స్ఫటికముల స్పందనసంఖ్యల గుణిజములకు సరిపోయెను. రెండు సంకేతములు ఒక యంత్రములో కలిసినప్పుడు వాటి మొత్తము, వాటి భేదము అను క్రొత్త సంకేతములు పుట్టును. ఆ 982 అట్టి సంకరపు బిడ్డ. దూరదర్శిని వంపులతో దాని హెచ్చుతగ్గులు కాకతాళీయముగా కలిసెను. అంతియే. 2021 అక్టోబరులో ఈ నిర్ణయము ప్రకటింపబడెను.

గమనింపుడు: ఆ బృందమువారు తమకు దొరికిన అపూర్వవస్తువును తామే పగులగొట్టి చూచిరి. పరీక్షలు రెండు దాటినవి గదా యని ఆగియుండవచ్చును, పేరు వచ్చియుండును. వారాగలేదు.

8. తెలియనిది తెలియదనుట

అన్ని సంకేతములకును ఇట్లు తీర్పు దొరకదు. 1977 ఆగస్టు 15వ తేదీన అమెరికాలో ఒహాయో రాష్ట్రమునందలి "పెద్ద చెవి" అను దూరదర్శినిలో 72 సెకనులపాటు ఒక బలమైన సంకేతము 1420 మెగాహెర్ట్జ్‌కు దగ్గరలో వచ్చెను. ఆ కాగితమును చూచిన జెర్రీ ఎహ్‌మన్‌గారు ప్రక్కన ఎర్రసిరాతో "వావ్!" అని వ్రాసిరి. కదలని ఆ దూరదర్శిని ముందునుండి ఒక నక్షత్రము దాటిపోవుటకు పట్టు కాలమును 72 సెకనులే. కనుక అది ఆకాశముదని తోచును. కాని దానికి నున్న రెండు కొమ్ములలో ఒకదానిలోనే అది వినబడెను; పలుమార్లు వెదకినను మరల రాలేదు. ఆరవ పరీక్షను దాటలేదు గనుక అది అన్యలోకపు పిలుపని శాస్త్రజ్ఞు లొప్పుకొనలేదు. ఏ మనుష్యయంత్రముదో చూపగలిగినవారును లేరు. దాని స్థానము "తెలియదు" అను పెట్టెలోనే. ఆ పెట్టెలో నుంచుటకు సిగ్గుపడరాదు.

దినదినమును ఈ పని కష్టమగుచున్నది. 1400 మొదలు 1427 మెగాహెర్ట్జ్ వరకు ఎవరును తరంగములను పంపరాదని అంతర్జాతీయ నియమము కలదు. గ్రీన్ బ్యాంక్ చుట్టు 13,000 చదరపు మైళ్ల ప్రదేశమును 1958లో నిశ్శబ్దమండలముగా ఏర్పరచిరి. కాని ఆకాశమున తిరుగు వేలకొలది ఉపగ్రహములకు ఏ గోడయు అడ్డు కాదు. కావుననే భూమి సవ్వడి సోకని చంద్రుని ఆవలి ముఖమున దూరదర్శినిని నిలుపవలెనని శాస్త్రజ్ఞులు కోరుచున్నారు.

9. మనము నేర్చుకొనవలసినది

ఇంతవరకు అన్యలోకపు సంకేతమని రుజువైనది ఒక్కటియు లేదు. అందువలన ఈ వెదకుట వ్యర్థమని తలంపకుడు. ఆకాశపు సవ్వడిని శ్రద్ధగా వినుటవలన పల్సారువంటి వింతలు దొరకినవి. అంతకంటె విలువగలది మరియొకటి దొరకినది: మనకు మిక్కిలి ఇష్టమైన మాటనే మిక్కిలి గట్టిగా పరీక్షింపవలెనను అలవాటు. మనము కోరనిదానిని అనుమానించుట సులభము. కోరినదానిని అనుమానించుటయే విద్య. వదంతిని విన్నప్పుడు, తోడివానిమీద నేరము మోపునప్పుడు, పరీక్షలో మన లెక్క పుస్తకపు జవాబునకు సరిపోయినప్పుడు సైతము "ఇది మా యింటి సవ్వడి కాదు గదా?" అని ఒకసారి అడుగుకొనుట మంచిది.

ఇక మా రేడియో సంగతి. మేము విన్నది సుమారు ఒక మెగాహెర్ట్జ్ మధ్యతరంగము. అట్టి పొడవైన తరంగములను భూమిపైనున్న విద్యుత్కణపు పొర అడ్డగించును. నక్షత్రములనుండి బయలుదేరినను అవి మనలను చేరవు. ఈ సంగతిని మేము తరగతిలో ఎన్నియో మారులు బోధించియున్నాము. బోధించినదానిని, సంతోషము కలిగిన వేళ, మేమే మరచితిమి. ఆ తండ్రిగారికి మరుసటి ఆదివారము వరండా దీపమును చూపి, మా పొరపాటును చెప్పుకొంటిమి. ఆయన నవ్వి, "మా వాడు ఐదు దినములు వదలకుండ వ్రాసినాడు గదండీ, అది చాలునండి" అనిరి. అప్పుడు గాని ఆ పుస్తకము ఆయన కుమారునిదని మాకు స్ఫురింపలేదు.

విద్యార్థులు ఇంటియొద్ద చేయదగిన అభ్యాసములు

1. ఒక చిన్న ట్రాన్సిస్టరు రేడియోను మధ్యతరంగములలో ఏ స్టేషనును లేని చోట నిలిపి, ఇంటిలోని దీపముల యొద్దకును, ఫోను చార్జరుల యొద్దకును తీసికొనిపొండు. ఏది ఎట్టి శబ్దము చేయునో పట్టిక వ్రాయుడు. కరెంటు సామానులను విప్పకుడు.

2. శబ్దము వచ్చుచుండగా రేడియోను మెల్లగా చుట్టు త్రిప్పుడు. ఏ నిలుకడలో శబ్దము తగ్గునో గుర్తించి, దానినిబట్టి శబ్దము పుట్టు దిక్కును కనుగొనుడు.

3. ఒక నక్షత్రము ఒక తాటిచెట్టు చివరనో ఇంటి కొప్పుననో మరుగగు సమయమును, ఒకే చోట నిలిచి పది దినములు వ్రాసికొనుడు. దినమునకు ఎన్ని నిమిషములు ముందగుచున్నదో లెక్కింపుడు.

4. ప్రాక్సిమా సంకేతము ఏ పరీక్షలను దాటెను? ఏ పరీక్షలలో నిలువలేదు? ఆ విచారణ మొదటి రెండు పరీక్షలతోనే ఆగియున్నచో కలుగు నష్టమేమి?